చెన్నైలో భోగి పొగ, తిరుపతిలో రాత్రి విమానం ఆలస్యం: ఒక కేస్ స్టడీ

నేను రేణిగుంట (తిరుపతి) విమానాశ్రయంలో ఒక విమాన సంస్థకు స్టేషన్ డ్యూటీ చూస్తాను. చెక్-ఇన్, బోర్డింగ్, లగేజీ, విమానం వాలినప్పటి నుంచి తిరిగి లేచేదాకా దాని చుట్టూ జరిగే పని, అన్నీ మా టీమ్‌వే. విమానం ఆలస్యమైతే ప్రయాణికుల ముందు నిలబడి జవాబు చెప్పేది కూడా మేమే.

ఇక్కడ రాస్తున్నది ఒక భోగి రోజు సంగతి. ఆ రోజు తిరుపతిలో ఉదయం తొమ్మిదికల్లా ఎండ ఫెళ్లున కాసింది. రాత్రి ఆకాశం నిండా చుక్కలు. అయినా మా ఉదయం విమానం 3 గంటల 20 నిమిషాలు, రాత్రి విమానం 2 గంటల 10 నిమిషాలు ఆలస్యంగా వెళ్లాయి. రెండింటికీ మూలం తెల్లవారుజామున చెన్నైని కమ్మేసిన పొగమంచే. పొద్దున అక్కడ పట్టిన మంచు రాత్రికి ఇక్కడి విమానం దాకా ఎలా వచ్చింది, మధ్యలో మేం ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, అందులో ఏది పనిచేసింది అన్నది వరుసగా రాస్తాను. ప్రయాణికులను గుర్తుపట్టే వివరాలు మార్చాను. విమాన సంస్థ పేరు రాయడం లేదు, ఎవరి షెడ్యూల్ అయినా దాదాపు ఇలాగే నడుస్తుంది.

విమానం ఆ రోజు తిరగాల్సిన దారి

మా ఉదయం విమానం ఏటీఆర్-72. డెబ్బై పైచిలుకు సీట్లు, రెండు పంకాలు. ముందురోజు రాత్రి అది చెన్నైలో నిలిచింది. ఉదయం 6.05కి చెన్నైలో బయలుదేరి 7.40కి హైదరాబాద్ చేరాలి. 8.10కి అక్కడ లేచి 9.30కి తిరుపతి రావాలి. 9.55కి ఇక్కడి నుంచి బయలుదేరి 11.15కి మళ్లీ హైదరాబాద్. ఆ తర్వాత అదే విమానం గన్నవరం వెళ్లి రావాలి, రాజమండ్రి వెళ్లి రావాలి, సాయంత్రం 5.50కి హైదరాబాద్‌లో లేచి రాత్రి 7.10కి మళ్లీ మా దగ్గరికి రావాలి. 7.35కి ఇక్కడి నుంచి వెళ్లేదే ఆ రోజుకి మా ఆఖరి విమానం.

ప్రతిచోటా మధ్యలో ఉన్న విరామం 25 నుంచి 30 నిమిషాలు. ఆ కాస్త సమయంలోనే జనం దిగాలి, సామాన్లు దించాలి, లోపల శుభ్రం చేయాలి, ఇంధనం పట్టాలి, కొత్తవాళ్లు ఎక్కాలి. ఆలస్యాన్ని మింగేసుకునే ఖాళీ అందులో ఎక్కడా లేదు. నేల మీద నిలిచిన విమానానికి రాబడి ఉండదు కాబట్టి షెడ్యూళ్లు ఇలా బిగించే వేస్తారు. దాన్ని తప్పని నేను అనను. చిన్న ఊళ్లకు విమానం రావాలంటే టికెట్ ధర ఆ స్థాయిలో ఉండాలి, ఆ ధరకు విమానం రోజంతా తిరుగుతూ ఉండాలి. కానీ దాని ఫలితం ఏమిటన్నది టికెట్ కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. మనం ఎక్కే విమానం అంతకుముందు రెండు మూడు ఊళ్లు తిరిగి వస్తుంది. ఆ ఊళ్లలో ఏ ఒక్కచోట వాతావరణం బాగాలేకపోయినా ఆ ప్రభావం మన దాకా వస్తుంది.

భోగి నాడు గాలిలో ఏం జరుగుతుంది

మన వైపు నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. నేల తడిగా ఉంటుంది, చెరువుల్లో నీళ్లుంటాయి. జనవరి వచ్చేసరికి మబ్బులు పోయి రాత్రిళ్లు ఆకాశం తేటగా ఉంటుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. చల్లబడే కొద్దీ గాలి పట్టి ఉంచగలిగే తేమ తగ్గిపోతుంది, మిగిలిన తేమ సన్నటి నీటి చుక్కలుగా మారి గాలిలోనే తేలుతుంది. అదే పొగమంచు. గాలి వీస్తే చెదిరిపోతుంది, వీయకపోతే ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది.

అలాంటి రాత్రుల్లో నేల దగ్గర గాలి చల్లగా, కాస్త పైన గాలి వెచ్చగా ఉంటుంది. మామూలుగా ఉండాల్సిన దానికి ఇది తలకిందులు. పైనున్న వెచ్చని పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది, కింద పుట్టిన పొగ పైకి పోలేదు. సరిగ్గా ఆ సమయంలోనే, తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య, ఊరంతా భోగి మంటలు వేస్తారు. పిడకలు, ఎండు కట్టెలు కాలిస్తే వచ్చే పొగ ఒక రకం. పాత టైర్లు, ప్లాస్టిక్, చిరిగిన పరుపులు వేస్తే వచ్చే నల్లటి పొగ మరో రకం. తేమ నీటి చుక్కగా మారాలంటే పట్టుకోవడానికి ఒక నలుసు కావాలి. పొగ అలాంటి నలుసులను కోట్ల కొద్దీ ఇస్తుంది. అందుకే భోగి నాటి మంచు మామూలు జనవరి మంచు కంటే చిక్కగా ఉంటుంది, త్వరగా విడవదు.

చెన్నైకి ఈ బెడద బాగా తెలుసు. 2018 జనవరి 13న, భోగి ఉదయం, అక్కడ దిగాల్సిన విమానాలను బెంగళూరు, హైదరాబాద్ లాంటి చోట్లకు మళ్లించారు. అప్పటి నుంచి పండగ దగ్గరపడగానే విమానాశ్రయం చుట్టుపక్కల ఉండేవాళ్లను టైర్లు, ప్లాస్టిక్ కాల్చవద్దని అధికారులు కోరుతూ వస్తున్నారు. రేణిగుంట చుట్టూ ఉన్నవి చాలావరకు పొలాలు, చిన్న ఊళ్లు కాబట్టి మా దగ్గర పొగ అంత చిక్కగా పట్టదు. కానీ అటు తిరుపతి, ఇటు శ్రీకాళహస్తి, మధ్యలో స్వర్ణముఖి పరివాహకం, పక్కనే శేషాచలం కొండలు. గాలి కదలని ఉదయం మాకూ మంచు పడుతుంది.

సూర్యుడు రాగానే మంచు పోతుందని చాలామంది అనుకుంటారు. అరగంట, గంట ముందుగా మమ్మల్ని తొందరపెట్టేది ఆ నమ్మకమే. నిజానికి తొలి ఎండ తగిలాక నేల దగ్గర గాలి కొంచెం కదిలి, అడుగున ఉన్న మంచు పైకి లేచి, మొదట ఇంకా చిక్కబడినట్టు కనిపించడం మామూలే. నేల బాగా వేడెక్కి పైనున్న వెచ్చని పొర తెగిన తర్వాతే అది విడిపోతుంది.

కొండ మీద మంచు వేరు, రన్‌వే మీద మంచు వేరు

ఇది మా ఊరికే ప్రత్యేకమైన చిక్కు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. తిరుమల నుంచి దిగి వచ్చే భక్తులు ఘాట్ రోడ్డులో పది అడుగుల ముందు ఏమున్నదీ కనబడని మంచు చూసి వస్తారు. విమానం రాదేమోనని దారిలోనే టెన్షన్ మొదలవుతుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే దాదాపు 2,800 అడుగులు. అక్కడ కనిపించే మంచు చాలాసార్లు కొండను తాకుతూ పోయే మబ్బు. అదే సమయంలో కింద రేణిగుంట మైదానంలో ఆ మబ్బు తలపైన ఎక్కడో ఉంటుంది, రన్‌వే మీద కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. నేలను ఆనుకున్న మంచు పలచటి పొర. భోగి ఉదయాల్లో కొండ మీద తేటగా ఉండి, కిందంతా తెల్లగా పరుచుకుని ఉంటుంది. పైనుంచి వచ్చినవాళ్లు 'పైన అంత బాగుంది, ఇక్కడేంటి' అని అడుగుతారు.

రన్‌వే విషయంలో మేం చూసేది కొండను కాదు, విమానాశ్రయ వాతావరణ కేంద్రం అరగంటకోసారి ఇచ్చే మెటార్ రిపోర్టును. గాలి దిశ, వేగం, విజిబిలిటీ (ఎంత దూరం కనిపిస్తుందో), మబ్బుల ఎత్తు, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, అన్నీ అందులో ఉంటాయి. విజిబిలిటీ 1,000 మీటర్ల కంటే తగ్గితే పొగమంచు, 1,000 నుంచి 5,000 మధ్య ఉంటే పలుచని మంచు అని రాస్తారు. పొగ ఉంటే దానికి వేరే కోడ్. పెద్ద విమానాశ్రయాల్లో దీనికి అదనంగా రన్‌వే పక్కనే యంత్రాలు పెట్టి, పైలెట్‌కి రన్‌వే ఎంత దూరం కనిపిస్తుందో కొలుస్తారు. మన దేశంలో ఈ పనికి బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తయారుచేసిన 'దృష్టి' అనే పరికరం వాడుతున్నారు. రన్‌వే మీద కనిపించే దూరం 550 మీటర్ల కంటే తగ్గితే విమానాశ్రయం మొత్తం తక్కువ విజిబిలిటీ పద్ధతిలోకి వెళ్తుంది. రేడియో సంకేతాలతో విమానానికి రన్‌వే దారి చూపే వ్యవస్థను ఐఎల్‌ఎస్ అంటారు. మామూలు ఐఎల్‌ఎస్, అంటే మొదటి కేటగిరీ, మీద దిగడానికి కూడా 550 మీటర్లే కనీసం. నేలకు 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి పైలెట్‌కి రన్‌వే గానీ దాని లైట్లు గానీ కనబడాలి, లేకపోతే మళ్లీ పైకి లేవాలి. ఇంకా తక్కువలో దిగాలంటే రన్‌వే పరికరాలు, లైట్లు, విమానం, పైలెట్ల శిక్షణ నాలుగూ ఆ పై కేటగిరీకి తగ్గట్టు ఉండాలి. ఒక్కటి లేకపోయినా కుదరదు. బెంగళూరు దేవనహళ్లిలో ఒక రన్‌వేను మూడో కేటగిరీకి పెంచింది శీతాకాలపు ఈ ఉదయాల కోసమే.

విమానాశ్రయం 'మూసేయడం', 'తెరవడం' అన్న మాటలు టీవీల్లో వింటాం గానీ, మంచులో ఎక్కువ నష్టం జరిగేది సగం తెరిచి ఉన్నప్పుడు. విజిబిలిటీ కాస్త పెరిగి విమానాలు కదలడం మొదలైనా, ఒకదాని వెనక ఒకటి దిగే దూరం పెంచుతారు, నేల మీద నెమ్మదిగా నడిపిస్తారు. గంటలో పోవాల్సిన విమానాల్లో కొన్నే పోతాయి, మిగతావి వరుసలో ఉంటాయి. అందుకే 8.30కి మంచు విడిస్తే 8.30కి విమానం లేవదు.

ఆ ఉదయం

తెల్లవారి 5.30కి చెన్నై రిపోర్టులో విజిబిలిటీ 100 మీటర్లు, పొగమంచు, పొగ. మా విమానం లేవాల్సింది 6.05కి. పైలెట్లు 5.05కే డ్యూటీకి వచ్చారు. ఏటీఆర్ సిద్ధంగా ఉంది, లేవడానికి కావాల్సినంత దూరం కనిపించడం లేదు. రేణిగుంటలో 6 గంటలకు 800 మీటర్లు, 7కి 600. బెంగళూరులోనూ మంచే. హైదరాబాద్ ఒక్కటి బాగుంది.

మా 9.55 విమానంలో వెళ్లేవాళ్లకు మా సంస్థ కంట్రోల్ రూమ్ నుంచి 6.40కి ఒక మెసేజ్ వెళ్లింది, కొత్త సమయం 10.30 అని. అప్పటికి చెన్నైలో విమానం తలుపులు తెరిచే ఉన్నాయి. ఆ తర్వాత అది 11 అయింది, ఆపైన 11.45 అయింది, చివరికి 1.15 అయింది. మా పనిలో దీన్ని రోలింగ్ డిలే అంటాం. మంచు ఎప్పుడు విడుస్తుందో కచ్చితంగా తెలియదు కాబట్టి కంట్రోల్ రూమ్ అరగంట, ముప్పావుగంట చొప్పున జరుపుతూ పోతుంది. వాళ్ల వైపు నుంచి అది సబబే, విమానం ముందే కదిలితే జనం సిద్ధంగా ఉండాలి. కానీ ప్రయాణికుడికి అందే సమాచారం ప్రతిసారీ తప్పవుతుంది. మూడోసారికి ఎవరూ నమ్మరు.

మేం 7 గంటలకు వేరే లెక్క వేశాం. ఈ కేసులో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. విమానం ఎప్పుడు వస్తుందో మాకు తెలియదు. కానీ ఎప్పటిలోపు రాదో కచ్చితంగా తెలుసు. చెన్నైలో లేచాక హైదరాబాద్‌కి గంటా ముప్పై అయిదు, అక్కడ అరగంట, మా దగ్గరికి గంటా ఇరవై, మొత్తం 3 గంటల 25 నిమిషాలు. 7 గంటలకి చెన్నైలో ఇంకా ఎవరినీ ఎక్కించలేదు. అంటే ఏం జరిగినా 10.30 లోపు అది రేణిగుంటలో వాలదు. 8 గంటలకి మళ్లీ చూశాం, ఇంకా కదల్లేదు, 11.30 లోపు రాదు. ఇంతకంటే ముందు రాదన్న ఈ లెక్కను 'కింది హద్దు' అందాం, అది ఎప్పుడూ అబద్ధం కాదు. కంట్రోల్ రూమ్ మెసేజ్‌లో ఉండే సమయం ఆశ, మా దగ్గరున్నది లెక్క.

వైకుంఠ ద్వార దర్శనాలు నడుస్తున్న రోజులవి. ఉదయం విమానంలో వెళ్లాల్సిన వాళ్లలో పెద్ద గ్రూపు వరంగల్ నుంచి వచ్చినవాళ్లది, ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. తిరుమలలో కాటేజీ ఖాళీ చేసి 7 గంటలకు బయలుదేరబోతున్నారు. వాళ్లను తీసుకొచ్చిన ఆయనకు ఫోన్ చేసి, 10.30 లోపు విమానం రాదని, తొందరపడి దిగవద్దని, టిఫిన్ చేసి తీరిగ్గా కిందికి వచ్చి తిరుపతిలో ఉండమని చెప్పాం. ఇలా ఫోన్ నంబర్లు దొరికిన గ్రూపులన్నిటికీ చెప్పాం.

ఇందులో రిస్క్ ఉంది. కింది హద్దు నిలబడేది విమానం మారనంత వరకే. హైదరాబాద్‌లో అదనంగా ఉన్న విమానాన్ని మాకు కేటాయిస్తే అది గంటా ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది, తిరుపతిలో ఉన్నవాళ్లు పరుగెత్తాలి. తిరుమలలోనే ఉండిపోయినవాళ్లకు విమానం తప్పుతుంది. అందుకే అందరినీ కొండ దిగి, విమానాశ్రయానికి ముప్పావుగంట దూరంలో ఉండమన్నాం. కంట్రోల్ రూమ్‌ని ఒక మాట అడిగి ఒప్పించాం, ఈ ఫ్లైట్‌కి వేరే విమానం పెడితే రెండు గంటల ముందు మాకు చెప్పాలని.

8 గంటలకు ఆ ప్రశ్న నిజంగానే వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ఏటీఆర్ అదనంగా ఉంది. మా దగ్గర విజిబిలిటీ అప్పుడే 1,200 మీటర్లకు పెరుగుతోంది. పంపించవచ్చు కదా అని మా వాళ్లే అడిగారు. ఇక్కడ ఆల్టర్నేట్ అన్నది అడ్డొచ్చింది. ఏ విమానమైనా లేచే ముందు, గమ్యంలో దిగలేకపోతే వెళ్లాల్సిన మరో విమానాశ్రయాన్ని రాసుకుని, అక్కడికి సరిపడా ఇంధనం, ఆపైన ఇంకో అరగంట గాల్లో ఉండేంత ఇంధనం పట్టించుకోవాలి. రేణిగుంటకు గాలిదారిలో చెన్నై సుమారు 100 కిలోమీటర్లు, బెంగళూరు సుమారు 200. ఆ ఉదయం రెండూ పనికిరావు. మిగిలింది 400 కిలోమీటర్లు దాటి మళ్లీ హైదరాబాదే. అంత ఇంధనం పట్టదని కాదు. ఇక్కడ దిగలేకపోతే జనాన్ని ఎక్కించుకుని వచ్చి, ఈ చుట్టుపక్కల చక్కర్లు కొట్టి, మళ్లీ ఎక్కిన చోటికే తీసుకెళ్లాలి. ఆ రోజున్న ఒకే ఒక్క అదనపు విమానం అలా మూడు గంటలు పోతే, మధ్యాహ్నం ఇంకో రెండు ఊళ్లు దెబ్బతింటాయి. కంట్రోల్ రూమ్ వద్దంది. వాళ్లు చెప్పింది సరైనదేనని నేను ఆ రోజూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

మన ఊళ్లో వాతావరణం బాగున్నా పక్క ఊరి వాతావరణం మన విమానాన్ని ఆపేది ఇలా. ఇది ప్రయాణికులకు కనిపించదు. 9 గంటలకు టెర్మినల్ బయట ఎండ కాస్తోంది. మా ట్యాక్సీ డ్రైవర్ ఒకతను వచ్చి, 'సార్, ఈడ సుబ్బరంగా ఉందే, మంచని యాడనో చెప్తా ఉండారంట' అన్నాడు. ముందే వచ్చి కూర్చున్న ఒక పెద్దమ్మ కౌంటర్‌లో అమ్మాయిని పిలిచి, 'బిడ్డా, గింత ఎండ కొడుతుంటే మంచు అంటున్నరేంది' అని అడిగింది. ఆమె అడిగిన తీరులో కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది.

ఆ ప్రశ్నకు 'ఆపరేషనల్ కారణాలు' అన్న జవాబు ఇవ్వకూడదు. మేం చెక్-ఇన్ పక్కన ఉన్న తెల్ల బోర్డు మీద నాలుగు లైన్లు రాశాం. మీ విమానం ఇప్పుడు చెన్నైలో ఉంది. అక్కడ పొగమంచు వల్ల ఇంకా లేవలేదు. అది హైదరాబాద్ మీదుగా రావాలి, లేచాక 3 గంటల 25 నిమిషాలు పడుతుంది. తర్వాతి సమాచారం 9.30కి. ఆ చివరి లైను అన్నిటికంటే బాగా పనిచేసింది. తర్వాతి సమాచారం ఎప్పుడో తెలిస్తే మనిషి ఒకచోట కూర్చుంటాడు, తెలియకపోతే ప్రతి పది నిమిషాలకూ కౌంటర్ దగ్గరికి వస్తాడు.

చెన్నైలో 8.40కి మంచు విడవడం మొదలైంది. వరుసలో మా వంతు 9.25కి వచ్చింది. 9.30కి బోర్డు మీద 12.50 అని రాశాం, అది మారలేదు. 12.50కి వాలింది, 1.15కి వెళ్లింది. వరంగల్ గ్రూపు 11.30కి వచ్చింది. ఉదయం ఎనిమిదింటికే వచ్చినవాళ్లకు టిఫిన్, తర్వాత భోజనం ఇచ్చాం.

దీని మీద అపోహలు ఉన్నాయి కాబట్టి నియమం చెబుతాను. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, 2 గంటలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యానికి తిండి, పానీయాలు ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. వాతావరణం వల్ల ఆలస్యమైతే నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు గానీ, ఆ కారణంతో తిండి ఎగ్గొట్టకూడదు. ఆలస్యం 6 గంటలు దాటేలా ఉంటే వేరే విమానం గానీ, పూర్తి రీఫండ్ గానీ ప్రయాణికుడు కోరుకున్నది ఇవ్వాలి. 2024 జనవరిలో ఉత్తరాదిన మంచుతో జరిగిన గందరగోళం తర్వాత, 3 గంటలకు మించి ఆలస్యమవుతుందనుకుంటే ముందుగానే రద్దు చేసుకునే వెసులుబాటు కూడా సంస్థలకు ఇచ్చారు. మా ఉదయం విమానాన్ని రద్దు చేయలేదు. పండగ రోజుల్లో రద్దు చేస్తే వాళ్లను పంపడానికి మరో విమానంలో సీట్లుండవు. ఆలస్యంగానైనా నడపడమే మేలు.

మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా

విమానం హైదరాబాద్ చేరింది 2.35కి. షెడ్యూల్ ప్రకారమైతే అప్పటికి గన్నవరం వెళ్లి వచ్చేసి ఉండాలి. ఉదయం 5.05కి వచ్చిన పైలెట్లు ఇంకో రెండు ప్రయాణాలు చేయలేరు, వాళ్ల డ్యూటీ గంటలు ఒప్పుకోవు. విమానం ఎక్కకుండా చెన్నైలో కూర్చున్న మూడు గంటలూ డ్యూటీలోకే లెక్క. అలసిన పైలెట్‌ని విమానం నడపమని అడగకూడదన్నదే ఆ నియమం, దాని మీద బేరం లేదు.

మధ్యాహ్నం పైలెట్లు రాజమండ్రి కోసం వచ్చారు. వాళ్లను గన్నవరం పంపారు, 3.10కి వెళ్లి 5.45కి వచ్చారు. రాజమండ్రి ప్రయాణానికి వేరే విమానం పెట్టారు, అది రాత్రి 7.30కి వచ్చింది. గన్నవరం నుంచి 5.45కి వచ్చిన విమానాన్ని వెంటనే తిరుపతి పంపి ఉంటే మా రాత్రి విమానం ఇరవై, పాతిక నిమిషాల ఆలస్యంతో పోయేది. దాన్ని చెన్నైకి పంపారు, అక్కడ ఉదయం నుంచి ఆగిపోయినవాళ్లున్నారు. మాకు రాజమండ్రి నుంచి వచ్చిన విమానాన్ని ఇచ్చారు. 8 గంటలకు లేచి 9.20కి వచ్చింది, 9.45కి వెళ్లింది.

పొద్దున్నుంచీ ఆగినవాళ్లను ముందు పంపడం న్యాయమే. నా అభ్యంతరం వేరే. ఆ మార్పు నాలుగు గంటలకే ఖరారైంది, మాకు తెలిసింది 5.20కి. అప్పటికి రాత్రి విమానం వాళ్లలో చాలామంది తిరుపతిలో, తిరుచానూరులో బయలుదేరిపోయారు. సికింద్రాబాద్ వైపు వెళ్లే రైళ్లలో పద్మావతి వెళ్లిపోయింది, మిగిలిన వాటిలో సంక్రాంతి రద్దీకి ఎలాగూ బెర్తులుండవు. నాలుగింటికే తెలిసి ఉంటే రైలు దొరికేదని నేను చెప్పను. కానీ కనీసం రూముల్లో, బంధువుల ఇళ్లలో ఇంకో రెండు గంటలు ఉండేవాళ్లు. పసిపిల్లలతో ఉన్నవాళ్లకు ఆ రెండు గంటలు చిన్నవి కావు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇప్పుడు చాలామంది ఫోన్‌లో విమానాన్ని వెతికి చూస్తున్నారు. ఉదయం వాళ్లకు అది పనిచేసింది, చెన్నైలో కదలని విమానం అందులో కనిపించింది. సాయంత్రం వాళ్లు చూస్తున్నది గన్నవరం వెళ్లిన విమానాన్ని. అది 5.45కి హైదరాబాద్ వచ్చేసిందని చూపించి, మరి ఇంకెందుకు ఆలస్యం అని అడిగారు. అడగడం న్యాయమే. వాళ్లు ఎక్కబోయేది ఆ విమానం కాదు.

తుఫాను వస్తే ఇంత చిక్కు ఉండదు. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫానుకి చెన్నై విమానాశ్రయం మూతపడింది. నష్టం భారీగా జరిగింది గానీ, తుఫాను వస్తోందని రెండు మూడు రోజుల ముందే తెలుసు. విమానాలను ముందే పక్క ఊళ్లకు తరలించవచ్చు, టికెట్లు ముందే మార్చవచ్చు. మంచుకు ఆ వ్యవధి దొరకదు. అది పట్టేది తెల్లవారుజామున నాలుగింటికి, ఎంతసేపు ఉంటుందో ఆరింటికి కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు.

రికార్డులో ఏం మిగిలింది

ప్రతి ఆలస్యానికీ ఒక కోడ్ రాయాలి. అంతర్జాతీయంగా అందరూ వాడే పట్టిక అది. బయలుదేరే చోట వాతావరణం బాగాలేకపోతే 71, గమ్యంలో అయితే 72, దారిలో లేదా ఆల్టర్నేట్‌లో అయితే 73. విమానం ముందు ప్రయాణం నుంచి ఆలస్యంగా వస్తే 93.

ఆ రోజు చెన్నైలో 6.05 విమానానికి 71 రాశారు. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి తిరుపతికి, తిరుపతి నుంచి హైదరాబాద్‌కి, గన్నవరానికి, అక్కడి నుంచి తిరిగి, రాత్రి మా దగ్గరి నుంచి, అన్నిటికీ 93. పట్టిక ప్రకారం అది సరైనదే. కానీ నెలాఖరున లెక్క తీస్తే ఆ గొలుసులో వాతావరణం వల్ల ఆలస్యమైంది ఒక్క విమానమే, మిగతావన్నీ విమానం ఆలస్యంగా రావడం వల్ల. మంచు ఎంత నష్టం చేసిందో లెక్కలో కనపడదు. కౌంటర్‌లో ఉన్నవాళ్లకు స్క్రీన్ మీద కనిపించేది కూడా ఆ కోడే. వాళ్లు 'విమానం లేటుగా వస్తోంది' అంటారు, ఎందుకు లేటో వాళ్లకూ తెలియదు. ప్రయాణికుడికి అది సంస్థ నిర్లక్ష్యంలా వినిపిస్తుంది.

మా స్టేషన్‌లో ఆ పండగ తర్వాత నుంచి 93 పక్కన రిమార్క్స్‌లో మొదటి కారణం రాస్తున్నాం, చెన్నై పొగమంచు అనో, బెంగళూరు ఉరుముల వాన అనో. ఉదయం షిఫ్ట్‌లోకి వచ్చినవాళ్లు 4.30కే చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, గన్నవరం మెటార్‌లు చూసి, మన విమానం రాత్రి ఎక్కడ నిలిచిందో దాని పక్కన రాస్తున్నారు. మంచు ఉంటే కింది హద్దు లెక్క వేసి, ముందు గ్రూపులకు, తర్వాత పసిపిల్లలు, వీల్‌చెయిర్ అవసరమైనవాళ్లకు ఫోన్ చేస్తున్నాం. ప్రయాణికులు కూడా ఇది చేసుకోవచ్చు. మెటార్ రిపోర్టులు ఎవరైనా చూడవచ్చు. కౌంటర్‌లో 'ఎంత లేటు' అని కాకుండా 'మా విమానం ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది, లేచిందా' అని అడిగితే మా వాళ్లు కూడా కచ్చితమైన జవాబు చెప్పగలుగుతారు.

ఉదయం విమానాలకు ఈ పద్ధతి బాగా కుదిరింది. రాత్రి వాటికి ఇంకా కుదరలేదు. పగలంతా విమానాలు చేతులు మారుతూ ఉంటాయి, ఏది మాకు వస్తుందో ఖరారయ్యాక ఆ మార్పు స్టేషన్‌కి అప్పటికప్పుడు అందాలి. సిస్టమ్‌లో విమానం నంబర్ మార్చిన నిమిషంలోనే మా స్క్రీన్ మీద హెచ్చరిక రావాలని అడిగాం. అది ఇంకా పరిశీలనలోనే ఉంది. అప్పటిదాకా పండగ రోజుల్లో మధ్యాహ్నం మూడు నుంచి గంటకోసారి కంట్రోల్ రూమ్‌కి మేమే ఫోన్ చేసి అడుగుతున్నాం.